ఓవర్‌హెడ్ ట్యాంకు ఎత్తు – శివారు కుళాయి లెక్క

ఐనవిల్లి: గ్రామంలో రక్షిత మంచినీటి పథకం మంజూరైందనగానే గ్రామసభలో మొదట వినిపించే ప్రశ్న ట్యాంకు ఎన్ని లీటర్లదన్నది. ఏ స్థలంలో కడతారన్నది రెండవది. ట్యాంకు అడుగు నేల మట్టం నుంచి ఎన్ని మీటర్ల ఎత్తున ఉంటుందని అడిగేవారు అరుదు. ఊరి చివరి ఇంటి కుళాయిలో నీరు ధారగా పడుతుందా, చుక్కలుగా రాలుతుందా అన్నది మాత్రం ప్రధానంగా ఆ మూడవ అంకె మీదనే ఆధారపడి ఉంటుంది. స్తంభాలు లేచి కాంక్రీటు గట్టిపడిన తరువాత ఆ అంకెను మార్చడం ఎవరి తరమూ కాదు. ఒకసారి తప్పితే ముప్పై ఏళ్లపాటు ఆ తప్పును శివారు కుటుంబాలు బిందెలతో మోయవలసి వస్తుంది.

దేశంలో ప్రతి గ్రామీణ గృహానికి కుళాయి ద్వారా మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందించాలన్న లక్ష్యంతో జల్ జీవన్ మిషన్‌ను 2019 ఆగస్టు 15న ప్రకటించిన విషయం విదితమే. 2024 నాటికి పూర్తి చేయాలనుకున్న ఈ కార్యక్రమాన్ని 2028 వరకు పొడిగిస్తున్నట్లు 2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అంతకు ముందు గ్రామీణ పథకాలను మనిషికి 40 లీటర్ల లెక్కన, ఎక్కువగా వీధి కుళాయిలను దృష్టిలో ఉంచుకుని రూపొందించేవారు. వీధి కుళాయి వద్ద నీటి వేగం తగ్గితే వరుసలో నిలబడి వేచి ఉండేవారు. ఇంటింటికీ కుళాయి వచ్చాక ఆ వరుస కనిపించదు. ముందున్న ఇళ్లవారు పట్టుకున్నంత పట్టుకోగా మిగిలినది చివరి ఇంటికి చేరుతుంది. కాబట్టి పాత ట్యాంకుల ఎత్తు, పాత పైపుల వ్యాసం కొత్త లక్ష్యానికి సరిపోతాయా అన్న పరిశీలన ప్రతి గ్రామంలోనూ అవసరమవుతున్నది.

కోనసీమవాసులకు ఈ విషయం వివరించడానికి పెద్ద ప్రయాస అక్కరలేదు. డెల్టా మొత్తం నిలిచి ఉన్నదే ఈ సూత్రం మీద. 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ద్వారా సర్ ఆర్థర్ కాటన్ చేసినది, గోదావరి నీటిని కొంత ఎత్తున నిలబెట్టి, అక్కడి నుంచి వాలు మీద సముద్రం వైపు నడిపించడమే. పంపు లేదు, ఇంధనం లేదు, ఎత్తే శక్తి. నగరం దీవికి నీరు ఇవ్వవలసి వచ్చినప్పుడు వైనతేయ పాయ అడ్డు వచ్చింది. కాలువ మట్టాన్ని దించి నదిలో కలిపితే అవతలి గట్టుకు మళ్లీ ఎక్కదు గనుక, 1850లలో గన్నవరం వద్ద అక్విడక్టు కట్టి కాలువను నది మీదుగా దాటించారు. తరువాత దాని స్థానంలో వచ్చిన కొత్త అక్విడక్టు అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు ధరించింది. మట్టాన్ని ఒకసారి కోల్పోతే తిరిగి సంపాదించుకోవడం ఎంత కష్టమో ఆనాటి ఇంజనీర్లకు తెలుసు. అదే కాలువ కింద శివారు ఆయకట్టు రైతు పడే ఇబ్బందీ ఈ ప్రాంతానికి కొత్త కాదు. శివారు భూమికి కాలువ ఎలాగో, శివారు ఇంటికి ట్యాంకు అలాగే.

ఎత్తు ఎక్కడి నుంచి ఎక్కడికి?

ట్యాంకు ఎత్తు అంటే చూసేవారికి పైకప్పు వరకు కనిపించే ఎత్తు స్ఫురిస్తుంది. లెక్కకు పనికివచ్చేది అది కాదు. నీరు నిలిచే తొట్టి అడుగు, అనగా నీరు దాదాపు ఖాళీ అయినప్పటి కనిష్ఠ మట్టం, నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నదన్నదే లెక్క. ఇంజనీర్లు దీనిని స్టేజింగు అంటారు. నిండు ట్యాంకును బట్టి లెక్క వేస్తే కాగితం మీద అన్నీ సరిపోతాయి. ట్యాంకు సగానికి దిగిన తరువాత శివారు కుళాయి మూగబోతుంది. ఉదయం ఆరు గంటలకు బాగా వచ్చిన నీరు ఏడున్నరకు ఎందుకు సన్నబడుతుందని అడిగే ఇల్లాలికి ఇదే సమాధానం.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. పెద్ద ట్యాంకు కడితే ఒత్తిడి పెరుగుతుందని చాలామంది విశ్వాసం. నీటి ఒత్తిడికి ట్యాంకు వెడల్పుతోగాని, అందులోని లీటర్లతోగాని సంబంధం లేదు. నలభై వేల లీటర్ల ట్యాంకు, నాలుగు లక్షల లీటర్ల ట్యాంకు ఒకే ఎత్తున ఒకే మట్టం వరకు నిండి ఉంటే, నీరు కదలక నిలిచి ఉన్నప్పుడు కింద ఒత్తిడి ఒక్కటే. పది మీటర్ల నీటి ఎత్తు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడినిస్తుంది. పరిమాణం పెరిగితే ఎక్కువసేపు నీరు ఇవ్వవచ్చు, కరెంటు లేని వేళ ఆదుకోవచ్చు. శివారుకు నెట్టే బలం మాత్రం ఎత్తు నుంచే వస్తుంది.

ఆ ఎత్తును నిర్ణయించేవి మూడు. చివరి కుళాయి వద్ద మిగలవలసిన ఒత్తిడి మొదటిది. ట్యాంకు ఉన్న చోటికీ, ఊరిలో ఎత్తైన లేదా దూరపు ఇంటికీ నేల మట్టాలలో ఉన్న తేడా రెండవది. నీరు పైపుల గోడలను రాసుకుంటూ ప్రవహించడం వల్ల పోయే ఒత్తిడి మూడవది. కేంద్ర ప్రజారోగ్య, పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ 1999లో వెలువరించిన నీటి సరఫరా మాన్యువల్ ఒక అంతస్తు ఇళ్లకు 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 మీటర్ల కనీస ఒత్తిడి మిగలాలని సూచించింది. దీనినే కొలతగా తీసుకుని ఒక ఉదాహరణ చూద్దాం. ఇది ఏ ఒక్క గ్రామానిదీ కాదు, కోనసీమలో ఒక మాదిరి ఊరిని ఊహించి వేసిన లెక్క.

ముప్పై ఏళ్ల తరువాతి జనాభా 4,000 అనుకుంటే మనిషికి 55 లీటర్ల చొప్పున రోజుకు 2 లక్షల 20 వేల లీటర్లు కావాలి. ఇది ఇరవై నాలుగు గంటలకూ సమానంగా పంచితే సెకనుకు రెండున్నర లీటర్లు. కాని నీరు అలా వాడుకోము. తెల్లవారు ఝామున, సాయంత్రం అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పుతారు. అందుచేత చిన్న ఊళ్లకు సగటుకు మూడు రెట్లు లెక్కలోకి తీసుకోవడం ఆనవాయితీ. అప్పుడు ట్యాంకు నుంచి బయలుదేరే ప్రధాన పైపులో సెకనుకు 7.6 లీటర్లు ప్రవహించాలి. ట్యాంకు నుంచి చివరి ఇల్లు 1,200 మీటర్ల దూరం. మొదటి 600 మీటర్లలో మొత్తం నీరు, తరువాతి 600 మీటర్లలో సగం నీరు వెళుతుందనుకుందాం. మొదటి భాగానికి 125 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల ప్లాస్టిక్ పైపు, రెండవ భాగానికి 100 మిల్లీమీటర్ల పైపు వేస్తే, వాడుకలో ఉన్న హేజెన్-విలియమ్స్ సూత్రం ప్రకారం రాపిడి నష్టం వరుసగా సుమారు 2 మీటర్లు, 1.7 మీటర్లు. వంపులు, వాల్వులు, అతుకుల కోసం పదోవంతు కలిపితే 4.1 మీటర్లు. చివరి ఇంటి నేల ట్యాంకు వద్ద నేల కన్నా 0.8 మీటరు ఎత్తు. మిగలవలసిన 7 మీటర్లతో కలిపితే 11.9 మీటర్లు. అంటే 12 మీటర్ల స్టేజింగు చాలు.

ఇదే ఊరిలో పొదుపు పేరిట మొదటి 600 మీటర్లకు కూడా 100 మిల్లీమీటర్ల పైపే వేశారనుకుందాం. ఆ ఒక్క భాగంలోనే నష్టం 6 మీటర్లు దాటుతుంది. ట్యాంకును 16 మీటర్లకు పైగా లేపితే తప్ప చివరి ఇంటికి అదే ఒత్తిడి రాదు. పైపు వ్యాసం అయిదోవంతు తగ్గితే నష్టం దాదాపు మూడు రెట్లయింది. ట్యాంకు ఎత్తు, పైపు వ్యాసం వేర్వేరు పద్దులుగా అంచనాలో కనిపిస్తాయి గాని, వాస్తవానికి ఒకదాని లోటును మరొకటి తీర్చే జంట అవి. ఎత్తు వైపు మొగ్గితే దాని ఖర్చు కట్టడంతో ఆగదు. రోజుకు 2 లక్షల 20 వేల లీటర్లను ఒక్క మీటరు అదనంగా పైకి ఎత్తడానికి, పంపుసెట్టు సామర్థ్యం 55 శాతంగా తీసుకుంటే, రోజుకు 1.1 యూనిట్ల విద్యుత్తు కావాలి. ఏడాదికి సుమారు 400 యూనిట్లు. పై ఉదాహరణలో సన్న పైపు వల్ల పెరిగిన నాలుగు మీటర్ల చిల్లరకు ఏటా 1,700 యూనిట్లకు పైగా అదనం. ఈ బిల్లు ప్రతి నెలా పంచాయతీ ఖాతా మీద పడుతుంది. పైపుకు పెట్టే సొమ్ము ఒక్కసారి పెట్టేది. కాబట్టి ఎత్తు పెంచే ముందు పైపు లావు పెంచి చూడడమే వివేకమని ఈ రచయిత అభిప్రాయం.

డెల్టా నేల తీరు

కోనసీమ చదునుగా కనిపిస్తుంది గాని సమతలం కాదు. వందల ఏళ్ల వరదలు మేట వేయడం వల్ల నది ఒడ్డున నేల కాస్త ఎత్తుగా, నదికి దూరంగా వెళ్లేకొద్దీ పల్లంగా ఉండడం డెల్టాల స్వభావం. గౌతమి పాయ ఒడ్డున ఉన్న ఐనవిల్లి మండలంలో ఏటిగట్టు దాపున ఉన్న పాత ఊళ్లకూ, లోపలి పొలాల మధ్య వెలసిన కొత్త కాలనీలకూ ఉండే తేడా మీటరో, మీటరున్నరో కావచ్చు. పన్నెండు మీటర్ల లెక్కలో మీటరున్నర అంటే ఎనిమిదో వంతు. ట్యాంకును ఎత్తైన వైపు కడితే ఆ తేడా ఉచితంగా కలిసి వస్తుంది. పల్లంలో దొరికిన పోరంబోకులో కడితే స్తంభాల రూపంలో కొనుక్కోవాలి. పక్క ఊరికి వేసిన అంచనానే పేరు మార్చి ఇక్కడికి తెచ్చుకోవడం ఎందుకు తగదో దీనిని బట్టి గ్రహించవచ్చు. లెవెలింగ్ పరికరంతో ఒక పూట చేసే సర్వే ఆ పొరపాటును నివారిస్తుంది. పల్లంలోని కాలనీకి మట్టం కలిసివచ్చినా పైపు దూరం ఎక్కువ కావడం వల్ల అక్కడా నీరు సన్నబడే అవకాశం ఉన్నదన్నది మరువరాదు. చివరి ఇల్లు, ఎత్తైన ఇల్లు ఎల్లప్పుడూ ఒకటే కాకపోవచ్చు. రెండింటికీ విడివిడిగా లెక్క కట్టి, ఎక్కువ ఎత్తు అడిగినదానినే ప్రమాణంగా తీసుకోవాలి.

ఏటిగట్టుకు నది వైపున ఉన్న లంక గ్రామాల పరిస్థితి వేరు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా, 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన సందర్భాలు కోనసీమవాసులకు గుర్తే. లంకల్లో ఇళ్ల అరుగులే మనిషి ఎత్తుకు లేపి కట్టుకోవడం కద్దు. కుళాయి ఆ అరుగు మీద ఉంటుందిగాని నేల మీద కాదు. లెక్కలో నేల మట్టం వేసి ఊరుకుంటే ఆ మేరకు ఒత్తిడి తరుగుతుంది. మోటారు, స్టార్టరు, విద్యుత్ బోర్డు వరద మట్టానికి పైన ఉండడం కూడా ఇక్కడ ట్యాంకు ఎత్తుతో సమానమైన విషయం. నీట మునిగిన రోజుల్లో ట్యాంకులో ముందుగా నింపి ఉంచిన నీరు మాత్రమే ఊరికి ఆధారం. పంపు నుంచి నేరుగా పైపులలోకి నీరు వదిలే పద్ధతి చౌక అయినప్పటికీ, ఎత్తు మీద నిల్వ చేసి వదిలే పద్ధతిని తీర ప్రాంతాలు విడిచిపెట్టలేకపోవడానికి కారణం ఇదే. 1996 నవంబరు 6 నాటి తుపాను కొబ్బరి తోటలతో పాటు విద్యుత్ స్తంభాలను నేలకూల్చి రోజుల తరబడి కోనసీమను చీకట్లో ఉంచింది. జనరేటరు ఒక్క గంట నడిపి ట్యాంకు నింపుకోగలిగితే, మిగిలిన పూటంతా నీరు తన బరువుతో తానే ఇంటికి చేరుతుంది.

అదే తుపాను ఎత్తుకు పరిమితినీ గుర్తు చేస్తుంది. ఆంధ్ర కోస్తాలో కట్టడాలకు సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్ల గాలి వేగాన్ని మౌలికంగా తీసుకోవాలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. 12 మీటర్ల స్టేజింగును 17 మీటర్లకు పెంచితే, గాలి వేగం అదే అనుకున్నా, తొట్టి మీద తగిలే తాకిడి పునాది వద్ద కలిగించే పడగొట్టే బలం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. డెల్టాలోని మెత్తని ఒండ్రు మట్టిలో ఆ భారాన్ని మోయడానికి పునాది వెడల్పు చేయాలి, లేదా పైల్స్ దించాలి. 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ భూకంపంలో పలు ఓవర్‌హెడ్ ట్యాంకుల తొట్లు నిలిచి, వాటిని మోసే నిలువు కట్టడాలు బీటలు వారడం ఇంజనీరింగ్ లోకానికి పాఠమైంది. ఎత్తు మరీ పెరిగితే పల్లపు ఇళ్ల వద్ద ఒత్తిడి మితిమీరి అతుకుల వద్ద లీకేజీలూ పెరుగుతాయి. అందుచేత ఎంత ఎత్తు అయితే అంత మేలన్న మాట చెల్లదు.

ఈ సందర్భంలో మేడ ఇళ్ల సంగతి ప్రస్తావించక తప్పదు. గల్ఫ్ దేశాల్లో కష్టించి సంపాదించి పంపిన సొమ్ముతో కోనసీమ గ్రామాలలో రెండంతస్తుల ఇళ్లు విరివిగా లేచాయి. మేడ మీద ట్యాంకులోకి కూడా పంచాయతీ నీరు నేరుగా ఎక్కాలని వారు కోరడం సహజం. అందుకు 7 మీటర్ల స్థానంలో 12 మీటర్లు మిగలాలి. మన ఉదాహరణలో స్టేజింగు 17 మీటర్లు అవుతుంది. అదనపు అయిదు మీటర్లకు ఏటా రెండు వేల యూనిట్ల విద్యుత్తును ఊరంతా భరించాలి. ప్రజాధనంతో కట్టే పథకం నేల మీద ఉన్న ప్రతి కుళాయికీ ధారగా నీరు ఇవ్వడానికే బాధ్యత వహించాలని, మేడలవారు నేల తొట్టి కట్టుకుని సొంత మోటారుతో పైకి తోడుకోవాలని చెప్పడంలో అన్యాయమేమీ లేదు. అయితే ఆ మోటారును తొట్టికి బిగించాలి తప్ప పంచాయతీ పైపుకు కాదు. పైపుకు నేరుగా మోటారు బిగిస్తే ఏమవుతుందో అంకెలే చెబుతాయి. అదే ఊరిలో నీటి లాగుడు ఒకటిన్నర రెట్లయితే రాపిడి నష్టం ఒకటిన్నర రెట్లు కాదు, రెండు రెట్లు దాటుతుంది. 4.1 మీటర్లుగా వేసుకున్న నష్టం 8.7 మీటర్లవుతుంది. చివరి ఇంటికి మిగలవలసిన 7 మీటర్లలో రెండున్నర మీటర్లే మిగులుతాయి. పైగా పైపులో ఒత్తిడి పడిపోయిన చోట పగుళ్లగుండా మురుగు లోపలికి పీల్చుకునే ప్రమాదం ఉన్నది. క్లోరిన్ కలిపి పంపిన నీరు కలుషితమై ఇంటికి చేరడం చాలా సందర్భాలలో ఈ దారినే జరుగుతుంది.

ఐనవిల్లికి మరొక ప్రత్యేకత కూడా ఉన్నది. సిద్ధి వినాయక స్వామి దర్శనానికి వచ్చే భక్తులు, పరీక్షల ముందు స్వామి వద్ద పూజ చేయించిన కలాల కోసం వచ్చే విద్యార్థులు, వినాయక చవితి రోజుల రద్దీ గ్రామ జనాభా లెక్కలో కనిపించరు. ఇటువంటి యాత్రా స్థలాలకు నిత్య జనాభా మీద లెక్క వేసిన ఎత్తు పండుగ రోజున చాలదు. రద్దీ రోజు కోసం మొత్తం ట్యాంకును లేపడం కన్నా, ఆలయ పరిసరాలకు వేరే పైపు, వేరే వాల్వు ఏర్పాటు చేసి ఊరి శివారును దాని నుంచి విడదీయడం మేలైన మార్గం.

పాత ట్యాంకు ఉన్న ఊళ్లలో కొత్తది కడుతున్నప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. పాతది తొమ్మిది మీటర్లు, కొత్తది పన్నెండు మీటర్లు అయి రెండింటి పైపులను ఒకదానితో ఒకటి కలిపేస్తే, కుళాయిలు కట్టి ఉన్న రాత్రి వేళ పై ట్యాంకు నీరు కింది ట్యాంకులోకి చేరి పొర్లిపోతుంది; పై ట్యాంకు ఖాళీ అవుతుంది. రెండింటికీ ఊరిని రెండు భాగాలుగా పంచి, మధ్య వాల్వును మూసి ఉంచడమే పరిష్కారం. పాత ట్యాంకు దాని చుట్టుపక్కల ఇళ్లకు ఇప్పటికీ బాగానే పనికివస్తుంది.

నీటి మూలం గురించి ఒక మాట. తీరానికి దగ్గరయ్యేకొద్దీ భూగర్భ జలం ఉప్పు తేలుతున్నందున కోనసీమలో అనేక పథకాలు కాలువ నీటి మీద ఆధారపడ్డాయి. వేసవిలో కాలువలు కట్టివేసే ముందే చెరువులు నింపుకుని, ఇసుక ఫిల్టర్ల ద్వారా వడకట్టి, ట్యాంకుకు ఎక్కిస్తారు. మే నెలలో చెరువు అడుగంటుతున్నప్పుడు సరఫరా వేళలు కుదించడం తప్పనిసరి అవుతుంది. ఆరు గంటల నీటిని రెండు గంటల్లో వదిలితే పైపులలో ప్రవాహం మూడు రెట్లవుతుంది, శివారు మరింత ఎండుతుంది. వేళలు కుదించవలసి వచ్చినప్పుడు ఊరంతటికీ ఒకేసారి కాక, వీధుల వారీగా వంతులు వేసి వదలడం మంచిది. కాలువ కింద వంతుల పద్ధతి రైతులకు అలవాటైనదే.

జల్ జీవన్ మిషన్ నిబంధనల ప్రకారం గ్రామ అంతర్గత పనుల వ్యయంలో పదో వంతు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారు సగానికి మించి ఉన్న గ్రామాలలో ఇరవయ్యో వంతు గ్రామస్తుల వాటాగా ఉండాలి. ఆ వాటా ఇస్తున్న గ్రామ నీరు, పారిశుధ్య కమిటీ సభ్యులకు అంచనా ప్రతిలో చూడవలసిన పుటలు తెలిసి ఉండాలి. ట్యాంకు స్థలంలో, చివరి ఇంటి అరుగు వద్ద నేల మట్టాలు ఎంతెంత? రాపిడి నష్టం ఏ ప్రవాహానికి కట్టారు? చివరి కుళాయి వద్ద ఎంత ఒత్తిడి మిగిలినట్లు చూపారు? ఈ మూడు అంకెలు గ్రామీణ నీటి సరఫరా విభాగం ఇంజనీరును అడిగి, గ్రామసభ తీర్మాన పుస్తకంలో వ్రాయించుకోవచ్చు. పథకం పూర్తయి అప్పగించే రోజున ట్యాంకు సగం నిండి ఉండగా, ఊరిలో కుళాయిలన్నీ తిప్పించి, ఆ మూడవ అంకెను చివరి ఇంటి వద్ద ప్రెషరు గేజితో సరిచూడాలి. గేజి లేనిచోట పదిహేను లీటర్ల బిందె ఎన్ని నిమిషాల్లో నిండిందో గడియారం చూసి వ్రాసుకున్నా సరిపోతుంది. ఆ కొలత తీసుకున్న తరువాతనే అప్పగింత పత్రం మీద సంతకం చేయాలి.